మొగిలమ్మ కోళ్లు, రాజలింగు పడుగు

రాజలింగుకు కోడి అంటే పడేది కాదు. కూరలో కోడి సంగతి వేరు, ఆదివారం గిన్నెలో ముక్క తక్కువ పడిందంటే అలిగే మనిషే. ప్రాణంతో తిరిగే కోడిని చూస్తేనే ఆయనకు ఒళ్లు మండేది, అందులోనూ పక్కింటి మొగిలమ్మ కోళ్లంటే మరీ. పద్నాలుగు పెట్టలు, రెండు పుంజులు, లెక్కకు అందని పిల్లలు. రెండు పెరళ్ల మధ్య ఉన్నది నడుమెత్తు మట్టిగోడ. అది మనుషుల కోసం కట్టిన గోడే గాని కోళ్ల కోసం కట్టింది కాదు.

ఇది డెబ్బై ఎనిమిదో సంవత్సరం నాటి మాట. కాశిబుగ్గలో ఆ గల్లీ నిండా మగ్గాలే. తెల్లారితే ఏ ఇంట్లో చూసినా టకటకమని చప్పుడు. రాజలింగుది వర్ధన్నపేట. భార్య కళావతి పుట్టింటికి దగ్గరలో ఇల్లు దొరికిందని పదకొండేళ్ల కిందట ఈ గల్లీకి వచ్చి మగ్గం వేసుకున్నాడు. చేయి మంచిది, నోరే మంచిది కాదు. నలభై ఏళ్లు వచ్చినా కోపం వస్తే ముందూ వెనుకా చూసేవాడు కాదు.

మొగిలమ్మకు యాభై అయిదు దాటి ఉంటాయి. పిల్లలు లేరు. భర్త సారయ్య మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ, పోయి ఆరేళ్లయింది. గుడ్లు, కోళ్లు అమ్ముకుంటూ ఒక్కతే ఆ చిన్న ఇంట్లో బతికేది. మాట బహు తక్కువ. కోళ్లు పెరట్లో టమాటా నారు పెళ్లగించాయని రాజలింగు గోడ మీదుగా కేకలేస్తే, "కట్టేస్త" అనేది. ఆరేసిన నూలు చిలపల మీద రెట్టలు వేశాయని అరిస్తే, "కట్టేస్త" అనేది. నిజంగానే కట్టేసేది కూడా. గుడ్డపేలికలతో కాళ్లకు తాళ్లు కట్టి గుంజకు ముడేసేది. కోళ్లు ఎలాగో విప్పుకొని వచ్చేవి. ఆమె కూడా నాలుగు మాటలు అంటే రాజలింగుకు కడుపు నిండేది. ఒక్కడే ఎంతసేపని కొట్లాడగలడు పాపం.

ఆ కార్తీకంలో ఓ పెట్ట ఏకంగా నూలు చుట్టిన కండెల గంపలో గుడ్డు పెట్టింది. కళావతి నవ్వింది. రాజలింగు నవ్వలేదు. నేరుగా కులపెద్ద యాకయ్య ఇంటికి పోయాడు. యాకయ్యకు డెబ్బై ఏళ్లు, ఆయన మాటంటే గల్లీలో ఎదురుండేది కాదు. రాజలింగు చెప్పిందంతా విని, "ఆదివారం పొద్దుగాల కూసుందాం" అన్నాడు. "కోళ్లు నూలుకో పడుగుకో నష్టం జేసినయని తేలితే ఒక్క కోడి గల్లీల ఉండది. అన్నీ అమ్ముకోవాలె. తేలకపోతే మాత్రం నువ్వు మల్ల నోరెత్తద్దు."

"అవి పోతే ఆమె ఏం తిని బతుకుతదయ్యా?" అన్నది కళావతి ఆ పూట అన్నం పెడుతూ.

"అది పెద్దమనుషులు చూసుకుంటరు. నువ్వు చారు పొయ్" అన్నాడు రాజలింగు.

శనివారం నాడు ఆయన పడుగుకు, అంటే మగ్గం మీద నిలువునా సాగే పోగులకు, గంజి పెట్టాలి. మామూలు పడుగు కాదది. ఆరేళ్లుగా తువ్వాళ్లు, దుప్పట్లు నేసి నేసి ఉన్నవాడికి చేనేత సొసైటీ వాళ్లు మొదటిసారి నూరో నంబరు నూలు ఇచ్చారు, సన్నటి ధోవతుల కోసం. ఆ నూలు ఎంత సన్నగా ఉంటుందంటే, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఉన్నట్టు తెలుస్తుంది, పక్కకు తిప్పితే లేనట్టే ఉంటుంది. రెండు వేల నాలుగు వందల పోగులు. ఇంట్లో అంత పొడవు పరచడానికి చోటేది? ఆ గల్లీలో అందరూ చేసినట్టే తెల్లవారుజామున వీధికి రెండు కొసల్లో గుంజలు పాతి, వాటి మధ్య పడుగు బిగించి లాగి, నడుమ నడుమ సన్నటి వెదురు బద్దలు దూర్చి, అన్నం గంజి పూసి, కుంచెతో పోగుకు పోగు అంటుకోకుండా దువ్వాలి. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. గంజి ఆరేదాకా కుంచె ఆగకూడదు, పోగు తెగకూడదు. తెగిన పోగును తడి ఉండగానే అతకాలి. ఆరిపోయిందా, తెగిన కొసలు పక్క పోగులకు కరచుకొని పడుగు పడుగంతా అట్టకడుతుంది.

సూర్యుడు ఇంకా ఇళ్ల మీదికి రాలేదు. ముందు రాత్రి గల్లీవాళ్లంతా జాతరకు పోయి ఇంకా తిరిగి రాలేదు, వీధిలో వేరే మనిషి లేడు. కళావతి ఆ కొసన, రాజలింగు ఈ కొసన కుంచెలతో దువ్వుతున్నారు. పడుగు మీద నుంచి గంజి చుక్కలు నేల మీద పడుతున్నాయి, అందులో అక్కడక్కడ మెతుకులు కూడా. ఆ వాసనకు మొగిలమ్మ కోళ్లు గోడ దిగి వచ్చాయి. ముందు పడుగు కింద నేలమీది మెతుకులు ఏరుకున్నాయి. తర్వాత తలెత్తి చూస్తే, పైన కూడా మెతుకులే. ఒకటి ఎగిరి టపుక్కున పొడిచింది. నాలుగు పోగులు తెగాయి. ఇంకొకటి పొడిచింది.

అప్పుడు రాజలింగు ఏ నేతగాడూ చేయని పని చేశాడు. చేతిలో ఉన్న గంజి కలిపే కట్టెను కోళ్ల మీదికి విసురుగా తిప్పాడు. కోళ్లు బెదిరి పైకి లేచాయి. పైన ఉన్నది ఆకాశం కాదు, పడుగు. రెక్కలు పోగుల్లో చిక్కుకున్నాయి. ఆయన మళ్లీ కొట్టాడు. కట్టె కోడికి తగలలేదు. పడుగు నడుమన సర్రుమని ఒక చప్పుడు అయింది. పాతికేళ్ల నేత జీవితంలో ఆయన అలాంటి చప్పుడు వినలేదు, మళ్లీ వినాలని కూడా కోరుకోలేదు. బెత్తెడు వెడల్పున పోగులు తెగి, కొసలు గిర్రున చుట్టుకొని వేలాడాయి.

కళావతి కుంచె వదిలేసి పరుగెత్తుకొచ్చి, వంగి తెగిన కొసలు పట్టుకోబోయింది.

"ముట్టకు" అన్నాడు రాజలింగు. "అట్లనే ఉండనియ్. రేపు యాకయ్య వచ్చి కండ్లతోని చూడాలె. ఇగ చూస్త, ఆ కోళ్లు గల్లీల ఎట్ల ఉంటయో."

"రేపటిదాంక ఉంటే పడుగు దక్కుతదా?"

"దక్కకపోతే దక్కకపాయె."

ఆరేళ్లు ఎదురు చూసిన నూలును అలా అనేశాడు. కోపం మనిషిని ఎంత మూర్ఖుణ్ణి చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. కోళ్లమీద గెలుపు కోసం సొంత పడుగును ఎండబెట్టుకోవడానికి సిద్ధపడ్డాడు.

అప్పుడే మొగిలమ్మ బయటికి వచ్చింది. చేతిలో నూకల చాట. పడుగును చూసింది. చాట అరుగు మీద పెట్టి, కొంగు నడుముకు చెక్కుకొని దగ్గరికి వచ్చింది. రాజలింగు తిట్లు మొదలుపెట్టాడు. అవి ఇక్కడ రాయదగ్గవి కావు. ఆమె వాటిని విన్నదో లేదో తెలియదు. వేలి కొసతో పడుగును తాకి చూసి, "గంజి ఆరుతాంది" అన్నది.

"ఆరనియ్. నీ కోళ్ల పని నలుగురు చూడాలె."

"జరుగు."

"సాక్ష్యం మాపుదామనుకుంటానవా?"

ఆమె మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. "ఎన్ని తెగినయో నేను లెక్క పెట్టుకుంట. రేపు నేనే చెప్త. జర జరుగు, పొద్దెక్కుతాంది." తర్వాత కళావతితో, "పొయ్యిల బూడిద జరంత తేవే బిడ్డా" అన్నది.

కళావతి బూడిద తెచ్చింది. మొగిలమ్మ చేతులు కడుక్కొని, పడుగు కింద గొంతుకూర్చొని, పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుంది. తెగిన పోగు కొస ఒకటి ఎడమ చేతిలోకి తీసుకుంది. దాని జోడు కొస ఎక్కడుందో వెతకలేదు. చేయి నేరుగా దానిమీదికే పోయింది. రెంటి మధ్య చాలని చోట జానెడు నూలు ముక్క పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు తిప్పింది. అంతే. ముడి లేదు. అతుకు ఎక్కడుందో కళ్లకు కనబడలేదు. గంజి తడి అంటించి ఆ చోటును వేలితో సవరించి, రెండో పోగు అందుకుంది.

రాజలింగు తిట్టడం ఆగిపోయింది.

ఆయనకు తెలియని పని కాదు. పోగు తెగితే అతకడం ఏ నేతగాడికైనా రావాల్సిందే. కాని కాస్త సన్న నూలు అతకాలన్నా ఆయన ఊపిరి బిగబట్టి, కళ్లు చిట్లించి, రెండు మూడుసార్లు జారవిడిచి, చివరికి ఒక సన్న ముడి వేసి సరిపెట్టుకునేవాడు. ముడి దువ్వెనలాంటి మగ్గం అచ్చులో తట్టి మళ్లీ తెగేది. ఈమె పోగు వంక చూడను కూడా చూడడం లేదు. కళ్లు ముందుకు, ఇంకా తెగి ఉన్న కొసల మీదికి పోతున్నాయి. వేళ్లు వెనుక పని చూసుకుంటున్నాయి. నూకలు చల్లే చేయి, కోడిగంప మోసే చేయి, పదకొండేళ్లుగా గోడ అవతల చూస్తున్న ఆ నల్లటి ముడతల చేయి ఇదేనా అనుకున్నాడు. ఆయనకు ఎందుకో భయం లాంటిది వేసింది. గుడిలో దీపం వెలిగించగానే విగ్రహం ముఖం కనబడినప్పుడు కలిగే భయం అది.

కాసేపటికి ఆయనా రెండో పక్కన కూర్చొని అతకడం మొదలుపెట్టాడు. ఆయన ఒకటి అతికేలోగా ఆమెవి మూడు అయ్యేవి.

ఒక కోడి మళ్లీ పడుగు కిందికి వచ్చింది. రాజలింగు చేయి కట్టె కోసం వెతికింది. మొగిలమ్మ తల తిప్పకుండానే నాలుకతో చిన్న చప్పుడు చేసింది. కోడి ఆగి, వెనక్కి తిరిగి, గోడెక్కి పోయింది. మిగిలినవి కూడా ఒకదాని వెనుక ఒకటి పోయాయి.

"ఈ సప్పుడేదో ముందే చేయకపోతివి" అన్నాడు రాజలింగు. ఈసారి మాటలో కోపం లేదు.

"నువ్వు ఒర్రుడు ఆపితే గద, వాటికి ఇనబడేది" అన్నది ఆమె.

రాజలింగు మంచినీళ్లకు లోపలికి పోయినప్పుడు కళావతి వెనకే వచ్చి చెప్పింది. "చిన్నప్పుడు మా అవ్వ చెప్తుండె. ఈమె నేతోళ్ల బిడ్డనేనట. మగ్గం మీది పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతుకుతరు చూడు, ఆ పనికి గీ గల్లీల ఈమెను మించినోళ్లు లేకుండెనట. ఇంటింటికి పిలిచేటోళ్లట. ఇగ హమాలి సారయ్యను చేసుకున్నది. మనోడు కాదాయె. ఆ దినం నుంచి ఎవ్వలు పిలువలే. ఇరవై రెండేండ్లు."

రాజలింగు చెంబు పట్టుకొని అలాగే నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లు ఆమె ఈ మగ్గాల చప్పుడు వింటూ, ఆ నడుమెత్తు గోడకు అవతల నూకలు చల్లుకుంటూ కూర్చున్నదన్న మాట. ఒక్కనాడు కూడా మీ పడుగు నేను అతుకుతానని ఎవరి గడపకూ పోలేదు. ఆయనకు సిగ్గు వేసింది. ఎవరి తరఫున సిగ్గుపడుతున్నాడో ఆయనకే తెలియలేదు.

ఎండ వీధిలోకి దిగేసరికి ఆఖరి పోగు అయింది. మొగిలమ్మ నడుము పట్టుకొని లేచింది. ఎవరూ ఏమీ అనకముందే, అరుగు మీది చాట తీసుకొని ఇంట్లోకి పోయింది.

ఆదివారం పొద్దున్నే యాకయ్య వచ్చాడు. గల్లీవాళ్లు పదిమంది దాకా చేరారు. నష్టమేదో చూపించమన్నాడు. రాజలింగు పడుగు చుట్ట విప్పి మళ్లీ గుంజలకు బిగించాడు. ఆయన నోరు విప్పకపోవడం చూసి అందరికీ వింతగా ఉంది.

యాకయ్య కళ్లు మూసుకున్నాడు. అరచేయి పడుగు కింద ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా నడిచాడు. ఒకచోట ఆగాడు. మరో రెండు అడుగులు వేసి మళ్లీ ఆగాడు. పడుగు వెడల్పంతా అలా మూడుసార్లు నడిచి, కళ్లు తెరిచాడు.

"ఏడు" అన్నాడు. "ఏడు పోగులు తెగినయి. దినాం మగ్గం మీద ఇంతకంటె ఎక్కువే తెగుతయి. దీనికా ఇంత లొల్లి పెడితివి, రాజలింగు? ఇగ కోళ్ల మాట ఎత్తకు."

అక్కడితో అంతా అయిపోయేది. మొగిలమ్మ నోరు మూసుకొని ఉంటే చాలు, ఆమె కోళ్లు ఆమెకుండేవి, రాజలింగు జన్మలో మళ్లీ మాట్లాడలేకపోయేవాడు. గల్లీవాళ్లు కదులుతున్నారు కూడా.

"ఏడు కాదు పెదనాయినా" అన్నది మొగిలమ్మ, దూరంగా తన గడప దగ్గర నిలబడి. "నూట నలభై మూడు."

యాకయ్య తిరిగి చూశాడు.

"ముప్పై ఆరు రాజలింగు అతికిండు. అండ్ల ఏడింటికి ముడులేసిండు, మిగిలినయి నన్ను చూసి మెలేస్తే నేను సాపు చేసిన. నీ చేతికి తగిలినయి ఆ ముడులే. నూట ఏడు నేను అతికిన."

యాకయ్య మళ్లీ పడుగు దగ్గరికి పోయాడు. ఈసారి ఒక్క చేయి కాదు, రెండు చేతులూ ఆనించాడు. వేలి కొసలతో, చివరికి చెంప ఆనించి కూడా చూశాడు. నూట ఏడు అతుకుల్లో ఒక్కటి కూడా ఆయనకు దొరకలేదు. అరవై ఏళ్లుగా నూలు పట్టిన ఆ ముసలాయన చేతులు అలాగే పడుగు మీద ఉండిపోయాయి. అక్కడున్న ఆడవాళ్లు, మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేయి పెట్టి చూశారు. ఏదో దేవుడి బట్టను ముట్టుకున్నట్టు మెల్లగా ముట్టుకొని, చేతులు వెనక్కి తీసుకున్నారు.

యాకయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన ముఖంలో సంతోషం లేదు. "నీ నోటితోనే చెప్తివి, మొగిలమ్మా. నూట నలభై మూడు పోగులు తక్కువ నష్టం కాదు. నేను ముందుగాల అన్న మాట అన్నదే. కోళ్లు..."

"ఆగు, పెదనాయినా" అన్నాడు రాజలింగు.

ఆమె ఎన్ని తెగాయో చెప్పింది. ఎవరు తెంపారో చెప్పలేదు. ఆమెకు తెలుసు. పడుగు కింద అంతసేపు కూర్చున్న మనిషికి, ఏ పోగు ముక్కుతో తెగిందో, ఏ పోగు కట్టె దెబ్బకు తెగిందో తెలియకపోవడం ఉండదు. పొడిస్తే కొస నలుగుతుంది, దెబ్బకు తెగితే కొస తెల్లగా పీచు లేస్తుంది. ఆమె చెబితే ఈ గల్లీలో ఆయన ముఖం ఎత్తుకొని తిరగలేడు. పరచిన పడుగు మీద కట్టె ఎత్తినవాణ్ణి ఆ కులంలో మనిషిగా కూడా చూడరు. ఇరవై రెండేళ్లు తనను దూరం పెట్టిన వాళ్ల ముందు, రోజూ తనను తిట్టేవాడి పరువు ఆమె కాపాడుతోంది. దానికి ధరగా తన కోళ్లను ఇచ్చేస్తోంది. అంత పెద్ద మనసును రాజలింగు అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

"కోళ్లు తెంపినయి పదో పన్నెండో" అన్నాడు. "మిగిలినయన్ని నేను తెంపిన. కోపానికి వచ్చి కట్టె తిప్పిన. పడుగు మీద కొట్టిన."

గల్లీలో ఎవరో నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. యాకయ్య తిడతాడనే అందరూ అనుకున్నారు. ఆయన అరుగు మీద కూర్చుండిపోయాడు.

"నువ్వొక్క దినం పడుగు మీద కట్టె ఎత్తినవు" అన్నాడు. "ఈ చేతులను ఇరవై రెండేండ్లు పడుగు ముట్టనీయకుంట చేసింది నేను. పిలవద్దని ఇల్లిల్లు తిరిగి నేనే చెప్పిన." తర్వాత మొగిలమ్మ వైపు తిరిగి, ముందెన్నడూ ఎవరూ వినని గొంతుతో అన్నాడు. "కోళ్లు ఉంటయి. పడుగు పరిచిన పూట మాత్రం గంప కింద పెట్టుకో. నువ్వు కూడా రేపట్నుంచి పనికి రా, బిడ్డా."

"పిలిస్తే వస్త" అన్నది మొగిలమ్మ. "నిన్న పిలవకుంట వచ్చిన. పోగు ఎండుతాంటే చూడలేక వచ్చిన. మల్ల అట్ల రాను. పిలవాలె, మా ఇంటిపేరు పెట్టి పిలవాలె."

ఆ గల్లీలో అతుకు పనికి మనిషిని పిలవడానికి ఒక పద్ధతి ఉంది. ఊరికే పేరుతో కేకేస్తే రారు. ఆమె గడప ముందు నిలబడి, నలుగురికీ వినబడేలా, మెట్టినింటి పేరు పెట్టి, ఫలానావారి కోడలా అని పిలవాలి. ఇరవై రెండేళ్లుగా ఆ గల్లీలో ఏ నోరూ పలకడానికి ఇష్టపడని ఇంటిపేరు సారయ్యది. ఆమె అడిగింది అదొక్కటే. యాకయ్య తల దించుకొని లేచిపోయాడు.

మూడు వారాలకు రాజలింగు మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చింది. కొత్తది అతకాలి. తెల్లవారి లేచి స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. వీధిలోకి వచ్చి పక్కింటి గడప ముందు నిలబడ్డాడు. ఎదురింటివాళ్లు వాకిలి ఊడ్చడం ఆపి చూస్తున్నారు. గల్లీలో మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. పదకొండేళ్లు గోడ మీదుగా ఇష్టమొచ్చినట్టు అరిచిన ఆ గొంతు ఇప్పుడు రానంటోంది. రెండుసార్లు దగ్గి, గట్టిగా పిలిచాడు.

"బొల్లంవారి కోడలా, మొగిలక్కా. మా పడుగు అతకాలె, రావే."

లోపల చెంబు చప్పుడు ఆగింది. రాదేమోనని రాజలింగు భయపడ్డాడు.

చాలాసేపటికి తలుపు వెనుక నుంచి, సగం ఏడుపులో తడిసిన గొంతు వినిపించింది.

"ఇంకోపాలి పిలువు."